పటిక స్ఫటికాలకు రంగు పట్టడం లేదు, ఏం చేయాలి? (ఆరో తరగతి ప్రాజెక్టు)

ఆద్య_వాళ్ళమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి. "ఇంట్లో రంగురంగుల స్ఫటికాలు" అనే అంశం ప్రాజెక్టుకి తనే ఎంచుకుంది. వేడి నీళ్ళలో పటిక పొడి కలిపి, వడకట్టి రెండు గాజు సీసాల్లో పోశాం. ఒకదాంట్లో ఎర్ర ఫుడ్ కలర్, ఇంకోదాంట్లో ఆకుపచ్చ. దారానికి చిన్న పటిక పలుకు కట్టి వేలాడదీశాం.

స్ఫటికాలైతే చక్కగా పెరిగాయి. ముఖాలు నున్నగా, అంచులు పదునుగా ఉన్నాయి. రంగు మాత్రం పట్టలేదు! సీసాలో నీళ్ళు చిక్కటి ఎరుపు, బయటికి తీసి తుడిస్తే స్ఫటికం పూర్తిగా పారదర్శకం. రంగు ఇంకా ఎక్కువ పోసి చూశాం. నీళ్ళే నల్లబడ్డాయి తప్ప స్ఫటికంలో మార్పు లేదు. పైగా దాని మూలలు సరిగా రాలేదు.

వీడియోల్లో అందరికీ ఎర్రవి, పచ్చవి, నీలివి ఎలా వస్తున్నాయి? వేరే పదార్థం వాడాలా? పాప ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

---

కెమిస్ట్రీ_మాస్టారు

ఆద్య వాళ్ళమ్మ గారూ, ముందుగా పాపకి చెప్పండి: స్ఫటికం బాగా పెరిగింది కాబట్టే రంగు పట్టలేదు. ఇది నిజం, ఊరడింపు కోసం అంటున్న మాట కాదు.

పటికలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు), వాటితో పాటు నీటి అణువులు ఉంటాయి. ఒక్కో పటిక యూనిట్‌కి 12 నీటి అణువులు. పటిక బరువులో 45 శాతం పైగా నీరే అంటే పిల్లలు నమ్మరు, కానీ అంతే. ఇవన్నీ కచ్చితమైన దూరాల్లో, కచ్చితమైన దిక్కుల్లో అమరితేనే స్ఫటికం. ద్రావణంలోంచి ఒక్కో అయాన్ వచ్చి ముఖం మీద వాలుతుంది, చోటు సరిపోతే ఉంటుంది, సరిపోకపోతే మళ్ళీ నీళ్ళలోకి పోతుంది. ఫుడ్ కలర్ అణువు ఈ అయాన్లతో పోలిస్తే చాలా పెద్దది, ఆకారమూ వేరు. పటిక అమరికలో దానికి చోటే లేదు. అందుకే స్ఫటికం పెరుగుతున్న కొద్దీ రంగుని బయటికి నెట్టేస్తూ పోతుంది. మందుల తయారీలో, ప్రయోగశాలల్లో పదార్థాలను శుద్ధి చేయడానికి మళ్ళీ మళ్ళీ స్ఫటికీకరణ చేయడం వెనక ఉన్నది ఈ గుణమే. మలినం నీళ్ళలో ఉండిపోతుంది, శుద్ధమైనది స్ఫటికంగా దిగుతుంది. మీ పాప తెలియకుండానే ఆ పని చేసింది.

మూలలు సరిగా రాకపోవడానికీ కారణం ఉంది. రంగు అణువులు లోపలికి పోకపోయినా కొన్ని ముఖాలకు పైపైన అతుక్కుని అక్కడ పెరుగుదలను నెమ్మదింపజేయగలవు. అప్పుడు ఆకారం మారుతుంది.

నా సలహా: పదార్థం ఇప్పుడే మార్చకండి. ప్రాజెక్టు ప్రశ్న మార్చండి. "రంగు స్ఫటికాలు చేశాను" అని కాకుండా "స్ఫటికంలో రంగు ఎక్కడ ఉంటుంది?" అని పెట్టండి. ఎర్ర సీసాలో పెరిగిన స్ఫటికాన్ని తీసి, రంగు కలపని పటిక సంతృప్త ద్రావణంలో (అంటే ఇక పటిక కరగనంతగా కలిపిన నీళ్ళలో) ఒక్కసారి ముంచి కడగండి. మామూలు నీళ్ళతో కడిగితే స్ఫటికమే కొంత కరిగిపోతుంది, అంచులు మొద్దుబారతాయి. తర్వాత గుడ్డలో చుట్టి మెల్లగా పగలగొట్టి ముక్కల్ని తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడమనండి. ఎర్రదనం కనబడితే ఎక్కడ కనబడిందో బొమ్మ గీయమనండి.

---

పవన్_3

మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది కానీ మా బాబు గుడ్డు పెంకులో చేసిన పటిక స్ఫటికాలు మాత్రం నిండు నీలంగా వచ్చాయండీ. పెంకు లోపల జిగురు రాసి పటిక పొడి చల్లి, రంగు ద్రావణంలో రాత్రంతా ఉంచాం. ఇది మరి ఎలా పట్టింది?

---

కెమిస్ట్రీ_మాస్టారు

మంచి ప్రశ్న. అక్కడ ఉన్నది ఒక్క స్ఫటికం కాదు, వేల చిన్న స్ఫటికాలు. వాటి సందుల్లో రంగు ద్రావణం ఇరుక్కుని అక్కడే ఆరిపోతుంది. పెంకు, జిగురు కూడా రంగు పీల్చుకుంటాయి. చిన్న స్ఫటికాలు ఆ రంగు మీద పారదర్శకంగా కూర్చుని మెరుస్తాయి. కంటికి నీలి స్ఫటికమే అనిపిస్తుంది. సూది మొనతో ఒక్క పలుకు ఊడదీసి విడిగా చూడండి. వీడియోల్లో కనిపించేవాటిలో చాలా భాగం ఈ తరహావే.

అందం కోసం అయితే పెంకు ప్రయోగం చాలా మంచిది. తక్కువ చేసి చెప్పడం లేదు.

---

నీలిరాయి

రంగు స్ఫటికం కావాలంటే తనకు తానుగా రంగున్న పదార్థం తీసుకోవాలి. నా ఓటు మైలుతుత్తానికి, అంటే కాపర్ సల్ఫేట్. ఏ ఫుడ్ కలరూ ఆ నీలానికి సాటి రాదు. 100 మిల్లీలీటర్ల వేడి నీటికి 40 గ్రాములు కలిపి, వడకట్టి, కదపకుండా వదిలేస్తే మర్నాటికి అడుగున పలుకులు దిగుతాయి. అందులో ఆకారం బాగున్న ఒకదాన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి మళ్ళీ ద్రావణంలో వేలాడదీయాలి. పటిక రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అంటించినట్టు ఎనిమిది ముఖాలతో పెరుగుతుంది. ఇది మాత్రం వాలుగా, ఒరిగిన పలకల్లా పెరుగుతుంది. రెండూ పక్కపక్కన పెడితే "పదార్థం మారితే ఆకారం మారుతుంది" అని వేరే చెప్పనక్కర్లేదు.

---

ఇద్దరి_నాన్న

నీలిరాయి గారూ, ఇది పిల్లల ప్రాజెక్టు. మైలుతుత్తం విషం. పురుగుమందుగా, శిలీంధ్రనాశినిగా వాడే సరుకు అది. ఏ జాగ్రత్తా చెప్పకుండా కొలతలు ఇచ్చేయడం నాకు నచ్చలేదు. చూడ్డానికి మిఠాయిలా ఉంటుంది, ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉంటే పరిస్థితి ఏంటి?

---

నీలిరాయి

మీ మాట సబబే, వివరంగా చెప్పాల్సిన విషయమే. మింగితే హాని, వాంతులవుతాయి. కంట్లో పడితే గట్టిగా దెబ్బ తీస్తుంది. కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. పెద్ద తరగతుల పిల్లలైతే పెద్దవాళ్ళు పక్కనే ఉండి, గ్లౌజులు, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని చేయాలి. వంటింట్లో కాకుండా వేరే చోట. ఆ సీసా, ఆ చెంచా మళ్ళీ తిండికి వాడకూడదు. సీసా మీద పెద్ద అక్షరాలతో "విషం, ముట్టుకోవద్దు" అని రాసి ఎత్తులో పెట్టాలి. నేను పొడి తూచేటప్పుడు కూడా ఊపిరికి అడ్డంగా మాస్క్ పెట్టుకుంటాను.

ఆద్య వయసుకి పటికే సరైనది. మైలుతుత్తం బడి ల్యాబ్‌లో టీచర్ చేతుల మీదుగా చేయిస్తే మేలు.

---

ల్యాబ్_గది

పై దానికి రెండు ముక్కలు కలుపుతాను, ఇవి ఎవరూ చెప్పరు.

మైలుతుత్తం ద్రావణాన్ని అల్యూమినియం, ఇనుము, జింకు పూత పాత్రల్లో పోయకండి. ఆ లోహం ద్రావణంలోకి పోయి, దాని బదులు రాగి బయటికొచ్చి ఎర్రటి పొరగా పడుతుంది. గిన్నె పాడు, ద్రావణమూ పాడు. గాజు లేదా ప్లాస్టిక్ మాత్రమే.

అయిపోయాక సింకులో పారబోయకండి. చేపలకి, నీటిలోని చిన్న జీవులకి రాగి లవణాలు చాలా తక్కువ మోతాదులో కూడా ప్రాణాంతకం. మిగిలిన ద్రావణాన్ని వెడల్పాటి గాజు పాత్రలో పోసి పిల్లలకి అందని చోట ఆరనిస్తే పొడి మళ్ళీ చేతికొస్తుంది. మూత బిగించి వచ్చే ఏడాది పిల్లలకి దాచండి, లేదా బడి ల్యాబ్‌కి ఇచ్చేయండి.

కుళాయి నీళ్ళు గరుకైనవైతే మైలుతుత్తం ద్రావణం కాస్త మసకబారుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడితే ఆ బాధ లేదు. పటికకైనా అదే మంచిది.

---

సాయంత్రం_ప్రయోగాలు

ఆద్య వాళ్ళమ్మ గారికి ఒక మధ్యే మార్గం. పటికలో ఫుడ్ కలర్ చేరదు కానీ క్రోమ్ పటిక చేరుతుంది. అది ముదురు ఊదా. మామూలు పటికలో అల్యూమినియం ఉన్న చోట దీంట్లో క్రోమియం ఉంటుంది. రెండు అయాన్లకీ మూడేసి ధన ఆవేశాలు, రెండూ తమ చుట్టూ ఆరేసి నీటి అణువుల్ని పట్టుకుంటాయి, పరిమాణంలోనూ పెద్ద తేడా లేదు. అందుకని స్ఫటికం ఒకదాని చోట ఇంకోదాన్ని రానిస్తుంది. మామూలు పటిక ద్రావణంలో కాస్త క్రోమ్ పటిక ద్రావణం కలిపితే స్ఫటికం లోపలిదాకా లేత ఊదా రంగులో వస్తుంది. ఇక్కడ పగలగొట్టి చూసినా ప్రతి ముక్కా ఊదానే. ఆ తేడా చూపించడమే ఒక మంచి ప్రాజెక్టు.

ఇంకా బాగుండేది ఇంకొకటుంది. ముందు క్రోమ్ పటికతో చిన్న ఊదా స్ఫటికం పెంచి, దాన్ని మామూలు పటిక ద్రావణంలో వేలాడదీస్తే దాని మీద పారదర్శకమైన పటిక అదే ఆకారంలో, ముఖానికి ముఖం సరిపోతూ పెరుగుతుంది. మధ్యలో ఊదా అష్టముఖి, చుట్టూ తెల్ల అష్టముఖి. రెండు పదార్థాలు వేరైనా స్ఫటిక రూపం ఒకటే కావచ్చని ఐల్‌హార్డ్ మిట్షర్లిష్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1819లో గుర్తించాడు. పాప దాన్ని తన సీసాలోనే చూస్తుంది.

జాగ్రత్త: క్రోమ్ పటిక ద్రావణాన్ని బాగా వేడి చేస్తే ఊదా పోయి ఆకుపచ్చకి తిరుగుతుంది, తర్వాత స్ఫటికాలు రావడం కష్టం. గోరువెచ్చగా చాలు. ఇది కూడా నోట్లో పెట్టుకునేది కాదు, గ్లౌజులు తప్పనిసరి, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

అన్నట్టు కెంపు ఎర్రగా ఉండటానికి కారణం కూడా ఈ మార్పిడే. శుద్ధమైన అల్యూమినియం ఆక్సైడ్‌కి రంగు లేదు. కొన్ని అల్యూమినియం అయాన్ల చోట క్రోమియం చేరితే కెంపు. అవే రెండు మూలకాలు!

---

ఇద్దరి_నాన్న

కెంపు సంగతి తెలియదు నాకు. ఈ రాత్రికే మా పెద్దాడికి చెప్తాను.

---

కొత్త_సభ్యుడు_రఘు

నాదో చిన్న సమస్య. దారానికి కట్టిన సీడ్ పలుకు (స్ఫటికం పెరగడానికి మొదట వేసే చిన్న పలుకు) మర్నాటికి మాయమైపోతోంది. ఉత్త దారమే వేలాడుతోంది. పటిక నాణ్యత లేదా?

---

సాయంత్రం_ప్రయోగాలు

నాణ్యత కాదండీ. మీ ద్రావణం సంతృప్తం కాలేదు. ఇంకా కరిగించుకునే చోటుంది కాబట్టి సీడ్‌నే కరిగించేసుకుంది. లేదా ద్రావణం పూర్తిగా చల్లారకముందే సీడ్ వేసుంటారు.

ఇది తెలుసుకోవడానికి మర్నాటిదాకా ఆగనక్కర్లేదు. సీడ్ వేయగానే సీసా వెనక టార్చ్ లైట్ పెట్టి, కన్ను పలుకు ఎత్తుకి తెచ్చి కదలకుండా చూడండి. నీళ్ళలో చక్కెర పాకం కరిగేటప్పుడు కనిపించే లాంటి సన్నటి పారదర్శక తీగలు కనిపిస్తాయి. ఆ తీగలు పలుకు నుంచి కిందికి జారుతుంటే పలుకు కరుగుతోందని అర్థం. కరిగిన పటిక కలిసిన నీళ్ళు చుట్టూ ఉన్నవాటి కంటే బరువు, అందుకే దిగుతాయి. అదే తీగలు పైకి లేస్తుంటే పలుకు పెరుగుతోంది. పటికను స్ఫటికానికి ఇచ్చేసిన నీళ్ళు తేలికై పైకి పోతాయి. ఏ తీగా కనిపించకపోతే ద్రావణం సరిగ్గా సంతృప్త స్థితిలో ఉందన్నమాట.

కిందికి జారుతుంటే వెంటనే సీడ్ బయటికి తీయండి. ద్రావణం కాస్త వేడి చేసి ఇంకో చెంచా పటిక కలిపి, పూర్తిగా గది వేడికి వచ్చాక, అడుగున కొద్దిగా పలుకులు దిగాక, పై తేటని వేరే సీసాలోకి వంచుకుని అందులో సీడ్ వేయండి. ఇప్పుడిక పోదు.

నేను దీన్ని ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ టార్చ్ తీసుకుని కూర్చుంటాను. పిల్లలకి ముందు చూపించాల్సింది ఇదే అంటాను, స్ఫటికం తర్వాత.

---

కొత్త_సభ్యుడు_రఘు

తీగలు కిందికే జారుతున్నాయి!! ఇప్పుడే చూశాను. మీరు చెప్పినట్టే చేస్తాను, ధన్యవాదాలు.

---

వేసవి_సెలవులు

మేం మామూలు ఉప్పుతో చేస్తున్నాం. మరిగే నీళ్ళలో పట్టినంత కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. అడుగున కొద్దిగా పొడి తప్ప ఏమీ రాలేదు. పటికకైతే చల్లార్చితే వస్తుంది, ఉప్పుకి ఎందుకు రాదు?

---

కెమిస్ట్రీ_మాస్టారు

అంకెలు చూస్తే సంగతి తేలిపోతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో ఉప్పు 20 డిగ్రీల దగ్గర సుమారు 36 గ్రాములు కరుగుతుంది. మరిగే నీటిలో కూడా 39 గ్రాములే. అంటే ఎంత చల్లార్చినా మూడు నాలుగు గ్రాములకు మించి బయటికి రాదు. పటిక 20 డిగ్రీల దగ్గర 14 గ్రాములు, 50 డిగ్రీల దగ్గర దాదాపు 37. చల్లారేసరికి సగం పైగా ద్రావణంలో ఉండలేక బయటపడాలి.

ఉప్పుకి చల్లార్చడం కాదు, నీటిని ఆవిరి కానివ్వాలి. వెడల్పాటి పళ్ళెంలో తేట ఉప్పు ద్రావణం పోసి, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పి కదపకుండా వదిలేయండి. నెమ్మదిగా ఆరితే పాచికల్లాంటి చిన్న చిన్న ఘనాలు వస్తాయి. భూతద్దంలో చూస్తే వాటి ముఖాలు నడుమకి మెట్లు మెట్లుగా లోతుకి దిగి ఉండొచ్చు. అంచులకి సరుకు ముందు అంది, మధ్యకి అందకపోతే అలా అవుతుంది. అయొడిన్ ఉప్పులో పొడిపొడిగా ఉండటానికి కలిపే పదార్థాలుంటాయి, వాటివల్ల ద్రావణం మసకగా ఉంటుంది. వడకట్టుకోండి, లేదా కల్లు ఉప్పు వాడండి.

---

వెన్నెల

మాకు రెండు రోజులే టైముంది. టెన్షన్‌గా ఉంది. త్వరగా వచ్చేది ఏదైనా?

---

నీలిరాయి

ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. వేడి నీళ్ళు ఎంతో అంత కొలత ఎప్సమ్ సాల్ట్, బాగా కలిపి, ఇష్టమైన ఫుడ్ కలర్ రెండు చుక్కలు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్ని గంటల్లో సూదుల గుత్తి తయారవుతుంది. రంగు సూదుల సందుల్లో నిలుస్తుంది కాబట్టి చూడ్డానికి రంగు స్ఫటికమే. కానీ పొడి గాలిలో పెడితే తనలోని నీరు కోల్పోయి తెల్లటి పొడిగా రాలుతుంది. ప్రదర్శనకి పట్టుకెళ్ళేటప్పుడు మూత ఉన్న సీసాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే మీద పేరు రాయడం మరవకండి, తిండి పదార్థాలకి దూరంగా పెట్టండి.

---

పవన్_3

పంచదార గురించి ఎవరూ మాట్లాడలేదు. పిల్లలకి ఎక్కువ ఇష్టమైంది అదే కదా.

---

సాయంత్రం_ప్రయోగాలు

పంచదార బాగుంటుంది, కానీ ఓపిక కావాలి. 20 డిగ్రీల దగ్గరే 100 మిల్లీలీటర్ల నీటిలో 200 గ్రాములు కరుగుతుంది. ద్రావణం పాకంలా చిక్కగా ఉండటంవల్ల అణువులు కదిలి తమ చోటికి చేరడం ఆలస్యం. వారం పైన పడుతుంది. నూలు దారాన్ని లేదా పుల్లని పాకంలో ముంచి పంచదారలో దొర్లించి, పూర్తిగా ఆరాక మాత్రమే వేలాడదీయాలి. ఆరకపోతే అంటిన పలుకులు రాలిపోతాయి. మరుగుతున్న పాకం చేతి మీద పడితే నీళ్ళకంటే ఘోరంగా కాలుతుంది, అందుకని పాకం పెద్దవాళ్ళే కాయాలి.

తినే ఉద్దేశముంటే అంతకుముందు పటికకో మైలుతుత్తానికో వాడిన సీసా, దారం, చెంచా ఏదీ దగ్గరికి రానివ్వకండి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

---

ల్యాబ్_గది

రంగు కిట్లు కొన్నవాళ్ళ కోసం. వాటిల్లో చాలావాటిలో ఉండే తెల్ల పొడి మోనో అమోనియం ఫాస్ఫేట్. ఎరువుగా కూడా వాడే పదార్థం. త్వరగా పెరుగుతుంది, పొడవాటి మొనలు వస్తాయి. పటికకి భిన్నంగా ఈ తరహా ఫాస్ఫేట్ స్ఫటికాలు కొన్ని రంగుల్ని నిజంగానే లోపలికి తీసుకుంటాయి. ఆ రంగు కొన్ని ముఖాల మీద మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి ఆ ముఖాలు పెరిగిన భాగం రంగుగా, మిగతాది తెల్లగా కూడా రావొచ్చు. పెద్ద స్ఫటికం దొరికితే వెలుతురుకి ఎత్తి చూడండి.

బోరాక్స్, అదే వెలిగారం, పైప్ క్లీనర్ మీద నక్షత్రాల్లా వేసే ప్రయోగం బాగా ప్రచారంలో ఉంది. అందంగా వస్తుంది. కానీ చిన్నపిల్లల చేతికి ఇవ్వను. పునరుత్పత్తికి హాని చేసే పదార్థంగా యూరోపియన్ యూనియన్ దాన్ని వర్గీకరించింది. పటికతో కూడా అదే నక్షత్రం చేయొచ్చు.

---

ఆద్య_వాళ్ళమ్మ

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు పటిక ద్రావణంలో ముంచి కడిగి, గుడ్డలో చుట్టి పగలగొట్టాం. లోపల అన్ని ముక్కలూ తెల్లగానే ఉన్నాయి. ఒక్క ముక్కలో మాత్రం దారం పోయిన చోట సన్నటి ఎర్ర గీత, దాని పక్కనే చిన్న ఎర్ర చుక్క లాంటిది ఉంది. పాప భూతద్దం వదలడం లేదు. "రంగు లోపలికి రాలేదమ్మా, దారం పట్టుకుని దూరింది" అంటోంది. ప్రశ్న కూడా మార్చేసుకుంది: "స్ఫటికం ఎవరిని లోపలికి రానిస్తుంది?" అని.

ఇప్పుడు దీన్ని ప్రాజెక్టుగా ఎలా రాయాలి? కొలవడానికి ఏముంటుంది? కేవలం ఫొటోలు పెడితే మార్కులు పడవట.

---

కెమిస్ట్రీ_మాస్టారు

పాప మాట అక్షరాలా నిజం. దారం చుట్టూ సందు ఉంటుంది, అక్కడ ద్రావణం ఇరుక్కుంటుంది. ఆ చుక్క కూడా స్ఫటికం వేగంగా పెరిగినప్పుడు లోపల చిక్కుకుపోయిన ద్రావణపు బొట్టే అయ్యుంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఖనిజాల్లో ఇలాంటి బొట్లు వెతికి, ఆ ఖనిజం పెరిగినప్పటి ద్రవం ఎలాంటిదో తెలుసుకుంటారు. నూలు దారం బదులు సన్నటి నైలాన్ దారం వాడి ఇంకొకటి పెంచమనండి, గీత తగ్గుతుందో లేదో తెలుస్తుంది.

కొలతలకి వస్తే, సీసాలు మూడు చాలు. మూడింట్లోనూ ఒకే పటిక ద్రావణం: 100 మిల్లీలీటర్ల వేడి నీటికి 20 గ్రాములు. ఒకటి రంగు లేనిది, ఒకటి కొద్ది రంగు, ఒకటి ఎక్కువ రంగు. సీడ్‌లు ఇంచుమించు ఒకే బరువువి తీసుకోవాలి, మూడూ ఒకే పెట్టెలో పక్కపక్కనే ఉండాలి. మార్చేది రంగు మోతాదు ఒక్కటే. రోజూ ఒకే వేళకి గది వేడి రాయాలి, సీసా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. రోజూ బయటికి తీసి తూచొద్దు. చేతి వేడికి, గాలికి స్ఫటికం పాడవుతుంది. మొదట ఒకసారి, చివర ఒకసారి తూచితే సరిపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చేది కోణాలు కొలవడం. పటిక స్ఫటికంలో ఒక అంచు దగ్గర కలిసే రెండు ముఖాల మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు ఉండాలి. మందపాటి అట్ట ముక్కలో ఆ కోణానికి గంటు కోసి స్ఫటికం అంచుకి ఆనించి చూడొచ్చు. స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా, ఒక పక్క అణిగి సొట్టగా పెరిగినా ఆ కోణం మారదు. డెన్మార్క్‌కి చెందిన నికోలస్ స్టెనో 1669లో క్వార్ట్జ్ స్ఫటికాలను చూసి ఈ సంగతి బయటపెట్టాడు. అప్పటికి అణువుల అమరికని చూసే సాధనమే లేదు. ఎక్స్ కిరణాలతో ఉప్పు లోపలి అమరికని బ్రాగ్‌లు (తండ్రీకొడుకులైన భౌతిక శాస్త్రవేత్తలు) తేల్చింది 1913లో. రెండు వందల ఏళ్ళకు పైగా మనుషుల దగ్గర ఉన్న ఆధారం దాదాపుగా ఆ కోణాలే. ఎర్ర సీసాలో మూలలు పాడైన ఆ స్ఫటికాన్ని కూడా కొలవమనండి. మూలలు పోయినా, మిగిలిన ముఖాల మధ్య కోణం అదే వస్తుంది. ఆ అంకె నివేదికలో పెడితే పరీక్షకులు ఆగి చదువుతారు.

---

ల్యాబ్_గది

మాస్టారి మాటకి తోక. పటిక ద్రావణంలో కాస్త వాషింగ్ సోడా లాంటి క్షారం కలిపితే ఘనం ముఖాలు కనిపించడం మొదలుపెడతాయి. అష్టముఖి మూలలు నరికినట్టు అవుతాయి. పదార్థం అదే, లోపలి అమరిక అదే, బయటి రూపం వేరు. నాలుగో సీసాకి చోటుంటే ప్రయత్నించండి. చిటికెడు చిటికెడుగా కలపాలి, నురగ వస్తుంది. ఎక్కువైతే ద్రావణం మసకబారి తెల్లటి జిగురు దిగుతుంది.

---

తాతయ్య_టెలిస్కోపు

ఎవరూ వేగం గురించి గట్టిగా చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. పిల్లలు రోజుకి పదిసార్లు సీసా ఎత్తి చూస్తారు. ఎత్తిన ప్రతిసారీ కుదుపుకి కొత్త పలుకులు పుడతాయి, ఉన్న సరుకుని అన్నీ పంచుకుంటాయి, పెద్దది ఏదీ అవదు. సీసాని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, ఎండా ఫ్యానూ తగలని మూల ఉంచండి. పగలూ రాత్రీ వేడి మారితే స్ఫటికం పగలు కాస్త కరిగి రాత్రి పెరుగుతుంది, లోపల మసక పొరలు పడతాయి.

మెక్సికోలోని నైకా గనిలో 2000వ సంవత్సరంలో బయటపడిన గుహలో 11 మీటర్లు దాటిన జిప్సం స్ఫటికాలున్నాయి. దాదాపు 300 మీటర్ల లోతున, 58 డిగ్రీల దగ్గర, ఖనిజాలు కలిసిన నీటిలో మునిగి లక్షల ఏళ్ళు పెరిగాయి. వేడి పెద్దగా మారలేదు, ద్రావణం సంతృప్త స్థితిని కొద్దిగా మాత్రమే దాటి ఉంది. కొత్త పలుకులు పుట్టేంత లేదు, ఉన్నవి పెరిగేంత ఉంది. మన సీసాలో మనం తెచ్చుకోవాల్సిందీ ఆ స్థితే.

---

ఆద్య_వాళ్ళమ్మ

మా ఇంట్లో సీసా కిటికీ గట్టు మీదే ఉంది! ఈరోజే లోపలి అలమరాలోకి మారుస్తాను. ఇంకో ప్రశ్న. పెరిగిన స్ఫటికాలు నాలుగు రోజులకే తెల్లగా మసకబారుతున్నాయి. ప్రదర్శన దాకా మెరుపు ఎలా నిలపాలి?

---

సాయంత్రం_ప్రయోగాలు

బయటికి తీయగానే మెత్తటి కాగితంతో అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు. ఎండలో, హెయిర్ డ్రయర్‌తో అసలు వద్దు. పటిక 92 డిగ్రీల దగ్గర తనలోని నీటిలో తనే కరిగిపోతుంది, అంతకంటే తక్కువ వేడికే మెరుపు పోతుంది. తడి పూర్తిగా పోయాక రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా ఒక పూత వేసి మూత బిగుతుగా ఉన్న చిన్న సీసాలో పెట్టండి. పూత వేసేముందు బరువు తూచుకోండి, తర్వాత తూచితే లెక్క తప్పుతుంది. కోణం కొలిచే స్ఫటికానికి మాత్రం పూత వద్దు.

మైలుతుత్తం చేసేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. దాని బరువులో 36 శాతం నీరు. ఆ నీరు పోతే నీలమే పోయి తెల్లబడుతుంది.

---

ఆద్య_వాళ్ళమ్మ

రాసుకున్నాను. మూడు సీసాలు ఈ సాయంత్రం మొదలుపెడుతున్నాం. పాప అట్ట మీద 109.5 డిగ్రీల గంటు గీసేసింది. క్రోమ్ పటిక సంగతి వాళ్ళ సైన్స్ టీచర్‌ని అడుగుతానంది, బడి ల్యాబ్‌లో ఉంటే అక్కడే చేస్తుంది.

---

కెమిస్ట్రీ_మాస్టారు

మంచిది. అట్ట మీద కోణాన్ని ప్రొట్రాక్టర్‌తో రెండుసార్లు సరిచూడమనండి, కోసేటప్పుడు అర డిగ్రీ ఇట్టే జారిపోతుంది. ఎక్కువ రంగు సీసాలో స్ఫటికం చివరి బరువు వచ్చాక ఇక్కడ రాయండి. రంగు పెరుగుదలను ఎంత నెమ్మదింపజేసిందో నాకూ చూడాలనుంది.